స్వీడిష్‌లో గిఫ్ట్ అంటే విషమా, పెళ్లా?

యోతెబొరి కోడలు:
స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ (ఇక్కడివాళ్ల నోట యోతెబొరి) వచ్చి నాలుగు నెలలైంది. నిన్న మా బిల్డింగ్ కింద బట్టలుతికే గదిలో మా ఆరేళ్లవాడు "అమ్మా, ఎవరో గిఫ్ట్ పెట్టారు!" అంటూ గోడ వారనున్న నల్ల డబ్బా దగ్గరికి పరిగెత్తాడు. తీరా చూస్తే råttgift, అంటే రొత్‌యిఫ్ట్ (ఇక్కడ gift అని రాసి యిఫ్ట్ అని పలుకుతారు), ఎలుకల మందు! నా గుండె జారిపోయింది. పైకొచ్చి మావారి ఫారం చూస్తే, పెళ్లయినవాళ్లు టిక్కు పెట్టే గడి పక్కనా అవే నాలుగక్షరాలు, gift. ఆయన "కరెక్టుగానే రాశారు" అని ఒకటే నవ్వు. ఆయన సంగతి తర్వాత చూస్తా గానీ, ఇది ఒక మాటా, రెండు మాటలా?

స్టాక్‌హోమ్ పాతకాపు:
వేరు ఒకటేనమ్మా. యీవా అంటే ఇవ్వడం. "పిల్లని ఏ ఊరికిచ్చారు?" అంటామే, అదే ఇవ్వడం. మొదట ఆడపిల్లకే, ఇప్పుడు మీవారికీ అదే గడి. విషం కథ వేరే దారిన నడిచింది. గ్రీకులో దోసిస్ అంటే ఇచ్చినది, వైద్యుడిచ్చే మోతాదు. మన డోసు అదే. లాటిన్‌లోకి చేరిన ఆ మాటను జర్మన్లు "ఇచ్చినది" అనే తమ మాట గిఫ్ట్‌తో చెప్పుకున్నారు. అలా ఇచ్చిన మందు కాస్తా విషమైంది, ఆ అర్థం స్వీడిష్‌కీ వచ్చింది. ఇంగ్లీషు గిఫ్ట్‌కి మాత్రం వైకింగుల భాష నుంచి కానుక అర్థమే దక్కింది.

నిఘంటువు పురుగు:
మనం తక్కువ తిన్నామా? జ్వరానికీ మందే, ఎలుకలకీ మందే, శనివారం రాత్రి సీసాలోదీ మందే. ఇంకోటి, స్వీడిష్‌లో కట్నాన్ని హెమ్‌యిఫ్ట్ అంటారు. హెమ్ అంటే ఇల్లు. పెళ్లికూతురికి పుట్టింటివాళ్లిచ్చే మన అరణం గుర్తొచ్చింది నాకు.

యోతెబొరి కోడలు:
అయితే పార్కింగ్ బోర్డు మీది అవ్‌యిఫ్ట్? మొన్న అది అర్థంకాకే ఫైన్ కట్టాం.

స్టాక్‌హోమ్ పాతకాపు:
అదీ ఈ కుటుంబమే. అవ్‌యిఫ్ట్ రుసుము, ఊత్‌యిఫ్ట్ ఖర్చు. మీకు రెండూ ఒకేరోజు తెలిసొచ్చినట్టున్నాయి. కానుకకి గోవ అనండి, మన బీచుల గోవా కాదు. పుట్టినరోజుకైతే ప్రెసెంట్ చాలు.

యోతెబొరి కోడలు:
థాంక్సండీ. మావాడికి "జి" మర్చిపోయి యిఫ్ట్ అనమని నేర్పా. డబ్బా ఎక్కడ కనబడినా దూరంగా నిలబడి అరుస్తున్నాడు. కట్నం మాట మాత్రం మావారికి చెప్పలేదు, మళ్లీ ఏదో ఒకటి అంటారు.