ఫిఫ్టీన్ మిలియన్ మెరిట్స్‌లో సైకిళ్లు: ఆ తొక్కుడుతో నిజంగా కరెంటు వస్తుందా?

గోడమీదపిల్లి:
బ్లాక్ మిర్రర్ అనే బ్రిటిష్ టీవీ సిరీస్ మొదటి సీజన్ రెండో ఎపిసోడ్ ఫిఫ్టీన్ మిలియన్ మెరిట్స్ మీద మా ఫిల్మ్ క్లబ్‌లో చర్చ పెడుతున్నాం. అందులో జనం రోజంతా సైకిళ్లు తొక్కి మెరిట్లు సంపాదిస్తారు. అవి తిండికి, టూత్‌పేస్ట్‌కి, యాడ్ తప్పించుకోవడానికి కరిగిపోతుంటాయి. ఆ తొక్కుడుతోనే చుట్టూ ఉన్నవన్నీ నడుస్తున్నాయన్నట్టు చూపించారు. లెక్క కుదురుతుందా? పాత సైకిల్ ఒకటి పెట్టి అందరిముందూ తొక్కించాలని కూడా ఉంది. సామాను ఏం కావాలి?

వోల్ట్‌మీటర్:
కుదరదండి, దరిదాపుల్లోకి కూడా రాదు. అలవాటు లేని మనిషి గంటల తరబడి నిలకడగా తొక్కగలిగేది సుమారు 75 వాట్లు. 8 గంటలకు 600 వాట్-అవర్లు. బెల్టు, మోటారు, బ్యాటరీ, ఇన్వర్టర్ కలిసి అందులో మూడో వంతు మింగేస్తాయి. మిగిలేది 400. అర యూనిట్ కూడా కాదు.

ఇప్పుడు కథానాయకుడు బింగ్ గది చూడండి. గోడలన్నీ తెరలే. ఒక్కో గోడ రెండున్నర మీటర్ల చదరం అనుకున్నా మొత్తం 25 చదరపు మీటర్లు, అంటే 65 అంగుళాల టీవీలు ఇరవైకి పైనే. ఒక్కోదానికి 100 వాట్లు వేసినా 2 కిలోవాట్లు దాటుతుంది. పొద్దస్తమానం తొక్కింది పన్నెండు నిమిషాలకు కూడా చాలదు.

తిండి లెక్క ఇంకా ఘోరం. పెడల్ మీద 600 వాట్-అవర్లు పడాలంటే ఒంట్లో దానికి నాలుగైదు రెట్లు ఖర్చవుతుంది. అంటే మామూలు భోజనం కాక ఇంకో 2,000 కేలరీలకు పైనే తినాలి. అన్నం రూపంలో అయితే కిలోన్నర. చారాణా కోడికి బారాణా మసాలా! కాబట్టి అది పవర్ ప్లాంట్ కాదనే నా ఉద్దేశం. బతకడానికి మెరిట్లు తప్ప గతి లేని చోట, ఆ మెరిట్ల కోసం మనిషిని సీటు మీద కూర్చోబెట్టడమే సైకిల్ పని. లావెక్కినవాళ్లకు పసుపు బట్టలేసి ఊడ్పించేదీ, గేముల్లో వాళ్లమీద కాల్పులు ఆడించేదీ అందుకే. పక్కవాడు భయపడి తొక్కుతాడు.

నైట్‌షో:
వోల్ట్‌మీటర్ గారి లెక్కకు ఇంకోటి కలపాలి. అక్కడ అసలు సరుకు మనిషి చూపే. బింగ్ కళ్లు మూసుకోగానే యాడ్ ఆగిపోయి, మళ్లీ చూడమని మోత మొదలవుతుంది. స్కిప్ చేస్తే మెరిట్లు కట్. 2019లో ప్రీషో అనే యాప్ సరిగ్గా ఈ పనే ప్రకటించింది: సినిమా టికెట్ ఉచితం, బదులుగా యాడ్లు చూడాలి, ముఖం పక్కకు తిప్పితే ఫోన్ కెమెరా గమనించి యాడ్ ఆపేస్తుంది. 2023లో టెల్లీ అని 55 అంగుళాల టీవీ ఊరికే ఇస్తామంటూ వచ్చింది, కింద యాడ్ల కోసం రెండో తెరతో.

చర్చలో ఇదీ చెప్పండి: ఎపిసోడ్‌ని చార్లీ బ్రూకర్, కోనీ హక్ (Konnie Huq) కలిసి రాశారు. హక్ అంతకుముందు ఎక్స్ ఫ్యాక్టర్ అనే బ్రిటిష్ పాటల పోటీకి అనుబంధ కార్యక్రమం నడిపిన యాంకర్. ఛానల్ 4లో ప్రసారమైంది 2011 డిసెంబర్ 11న, ఎక్స్ ఫ్యాక్టర్ ఫైనల్ జరిగిన రాత్రే. ఎపిసోడ్ తీసిన జెప్పోట్రాన్ అప్పట్లో ఎండెమాల్ అనే టీవీ షోల సంస్థ గూటి కంపెనీ. మన బిగ్ బాస్‌కి మూలమైన బిగ్ బ్రదర్ కూడా ఎండెమాల్ సరుకే! ఎపిసోడ్‌లోని టాలెంట్ షోకెక్కి, గాజుపెంకు మెడకి పెట్టుకుని జడ్జీలను తిట్టిన బింగ్‌కి వాళ్లే వారానికి రెండుసార్లు సొంత షో ఇస్తారు కదా, అది గాల్లోంచి పుట్టిన ఊహేం కాదు.

పాతసామాన్ల_కొట్టు:
డెమోకి వస్తున్నా. 24 వోల్టుల 250 వాట్ల డీసీ మోటారు (ఈ-స్కూటర్లలో వాడే బ్రష్ రకం) తీసుకోండి. వెనక చక్రాన్ని స్టాండ్ మీద లేపి, టైరు ఊడదీసి, రిమ్ మీంచి మోటారుకున్న 50 మిల్లీమీటర్ల పుల్లీకి బెల్టు వేయండి. 26 అంగుళాల చక్రం రిమ్ దాదాపు 560 మిల్లీమీటర్లు, అంటే 11 రెట్లు. 44:18 పళ్ల గేరుతో నిమిషానికి 60 సార్లు తొక్కితే మోటారు 1,600 చుట్లు తిరిగి 12 వోల్టుల దగ్గర ఇస్తుంది, మోటారును బట్టి కాస్త అటూఇటూ. టైరు మీద రోలర్ ఆనించే పద్ధతి వద్దు, జారుతుంది, రబ్బరు పొడి రాలుతుంది.

గోడమీదపిల్లి:
థాంక్సండి. దానికి టీవీ తగిలించవచ్చా?

పాతసామాన్ల_కొట్టు:
32 అంగుళాలది, 40 వాట్ల లోపుదైతే నడుస్తుంది. కానీ మధ్యలో 12 వోల్టుల బ్యాటరీ, ఇన్వర్టర్ కావాలి, అప్పుడు తొక్కడం ఆపినా టీవీ ఆగదు. చూసేవాళ్లకు ఏమీ అర్థం కాదు. పైగా డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) పెట్టకపోతే బ్యాటరీ కరెంటు వెనక్కొచ్చి మోటారు తిరుగుతుంది, దాంతోపాటు చక్రమూ తిరుగుతుంది. వేళ్లు జాగ్రత్త. 10 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ ప్లస్ దగ్గరే పెట్టండి.

నన్నడిగితే బ్యాటరీ లేకుండా 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు, ఒక స్విచ్, ఒక మల్టీమీటర్ చాలు. ముందు ఉత్తినే తొక్కించి స్విచ్ వేయండి. పెడల్ ఒక్కసారిగా బరువెక్కుతుంది, ఆపితే దీపం ఆరిపోతుంది. కుర్రాళ్లు ఉత్సాహంగా 15 వోల్టులు దాటిస్తే బల్బు మాడిపోవచ్చు, స్పేర్ ఒకటి ఉంచుకోండి.