షుగర్ అంచున ఉన్నవాళ్లలో దిగులు: ముందు దేనికి వైద్యం?

గాజువాక హెల్త్ డెస్క్
షిఫ్టు పనివాళ్ల ఏడాది పరీక్షల రిపోర్టులు మా దగ్గరికి వస్తాయి. నలభై దాటిన మగవాళ్లలో చాలామందివి ఇంచుమించు ఇలాగే ఉంటున్నాయి: నడుము 98 సెం.మీ., హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 6.1, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 240, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34. పలకరిస్తే "నీరసం, నిద్ర పట్టదు, దేనిమీదా మనసు పోదు" అంటారు. బరువు, షుగర్ దారికొస్తే మనసూ కుదుటపడుతుందా? లేక డిప్రెషన్‌కి విడిగా చూపించాలా?

వాల్తేరు వైద్యుడు
దారికొచ్చేదాకా ఆగొద్దండి. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు (నడుముకి హద్దు మన మగవాళ్లకి 90 సెం.మీ., ఆడవాళ్లకి 80) ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో లోలోపలి వాపు పెంచుతుంది, అది మెదడు మీదా పనిచేస్తుంది. అటు డిప్రెషన్‌లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువైతే కాలేయం గ్లూకోజ్‌ని ఇంకా వదులుతుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది. నన్నడిగితే వీటన్నిటికన్నా పెద్ద కారణం మామూలుదే: మనసు బాగోనివాడు నడవడు, వేళకి తినడు, మాత్ర వేసుకోడు.

రక్తం తీసిన రోజే పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నల కాగితం కూడా నింపించండి. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. పది గానీ ఆపైన గానీ వస్తే డాక్టరు చూడాలి. ఒక చిక్కుంది. నీరసం, నిద్ర, ఆకలి ప్రశ్నలకి షుగర్ వల్ల కూడా మార్కులు పడతాయి. అందుకే మొదటి రెండూ, అంటే ఆసక్తి పోవడం, దిగులు, విడిగా చూడండి. అవి సున్నా అయి మిగతావే ఎక్కువైతే ఒంట్లో కారణం వెతకాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏది పెట్టినా, మొత్తం ఎంతైనా సరే, ఆ మనిషితో అప్పుడే కూర్చుని మాట్లాడాలి. కాగితం ఫైల్లో పెట్టేసి పంపడం పెద్ద తప్పు.

ల్యాబ్ మనిషి
ఒంట్లో కారణానికి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, విటమిన్ బీ12 చూస్తే చాలావరకు తేలుతుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది. అప్పుడు నీరసం, మతిమరుపు, కాళ్ల తిమ్మిర్లు, దిగులు అన్నీ కలిసే వస్తాయి. ఐరన్ లోపముంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్ల ఫాస్టింగ్ (పరగడుపు) షుగర్ లెక్కలోకి తీసుకోవద్దు, రాత్రి నిద్రపోయిన మర్నాడు మళ్లీ తీయండి. గట్టి గురక, పగలు కునికిపాట్లు ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) అనుమానించాలి. దాన్ని వదిలేస్తే షుగరూ దిగదు, మనసూ తేరుకోదు.

మందుల షాపు
డిప్రెషన్‌కి మందు మొదలుపెట్టే డాక్టరుకి ఈ రిపోర్టు తప్పక చూపించమనండి. డిప్రెషన్ మందుల్లో మిర్టజపిన్, పారాక్సెటిన్‌తో బరువు పెరుగుతుంది. ఒలాంజపిన్, క్వటయపిన్ అనే ఇతర మానసిక మందులు తోడైతే షుగర్, కొవ్వులు కూడా. బరువు, నడుము, షుగర్ ముందే రాసిపెట్టుకుని మూడు నెలలకి మళ్లీ చూడాలి. ఫ్లుయాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు షుగర్‌ని కొంచెం దించుతుంది. షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ వాడేవాళ్లకి చెమటలు, గుండెదడ వస్తే "కంగారు" అనుకోకుండా గ్లూకోమీటర్ పెట్టాలి. 70 లోపుంటే అది లో షుగరే. లావెక్కుతున్నామని డిప్రెషన్ మందు తమంతట తాము ఆపేసేవాళ్లే ఎక్కువ. టక్కున ఆపితే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి. మార్చమని అడగాలి గానీ మానకూడదు.

గాజువాక హెల్త్ డెస్క్
నైట్ షిఫ్టులో తిండి, నడక ఎలా చెప్పాలి?

వాల్తేరు వైద్యుడు
అసలు భోజనం డ్యూటీకి ముందే. అర్ధరాత్రి దాటాక అన్నం వద్దు, ఆకలైతే గుడ్డో గుగ్గిళ్లో. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ పిండి పదార్థమే, రెండు గ్లాసులు తాగి పైన అన్నం తింటే లాభం లేదు. తిన్నాక పది, పదిహేను నిమిషాల నడక. ఆర్కే బీచ్ దాకా పోనక్కర్లేదు, క్వార్టర్ల చుట్టూ చాలు. "ఓపికున్నప్పుడు నడవండి" అంటే డిప్రెషన్‌లో ఉన్నవాడికి ఆ ఓపిక రాదు. టైము రాసివ్వండి, తోడుగా ఒకరి పేరు కూడా.

చూపించడానికి విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికెళ్లడానికి మొహమాటపడితే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం నంబరు 14416 కి ఫోన్ చేయమనండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే.