పశువుల కొట్టం వెనుక పిల్లలు పెట్టిన కుక్క: ఈ చలిలో పిల్లలను కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న (ఉట్నూరు, ఆదిలాబాద్ జిల్లా)

మా కొట్టం వెనుక ఒక వీధికుక్క నాలుగు పిల్లలను పెట్టి వారం దాటింది. డిసెంబరు, జనవరి నెలల్లో మా వైపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత తరచు 10 డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది కాబట్టి, పాత దుప్పటి ఒకటి పరిచి, పైన బల్బు వేలాడదీశాము. అయినా రాత్రంతా పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కుయ్యోమంటున్నాయి. ఒక పిల్ల మాత్రం నిన్నటి నుంచి అరవడం లేదు, తల్లి దగ్గరకు పాకడం లేదు. దానికి ఆవుపాలు పట్టవచ్చా? రాత్రిపూట కొట్టంలో కుంపటి పెట్టవచ్చా? మా ఇంట్లోని పదకొండేళ్ల కుక్క కూడా పొద్దున లేచేసరికి వెనుక కాళ్లు బిగుసుకుపోయి కుంటుతోంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (పశువైద్యురాలు)

ముందు ఆ అరవని పిల్లను చూడండి, మిగతావి తరువాత. ఒళ్లు చల్లబడిన పిల్లకు పాలు పట్టకూడదు. చలికి పేగుల కదలిక మందగించి పాలు కడుపులోనే నిలిచిపోతాయి, మింగే శక్తి లేకపోతే ఊపిరితిత్తుల్లోకి కూడా పోతాయి. పొడిగుడ్డలో చుట్టి మీ ఒంటికి ఆనించుకోండి, లేదా గోరువెచ్చని నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన ఉంచండి. మంట దగ్గర పెట్టి హఠాత్తుగా వేడి చేయవద్దు. నోట్లో వేలు పెడితే లోపల వెచ్చగా తగిలి, పిల్ల వేలిని చప్పరించడం మొదలుపెట్టిన తరువాతే తల్లి చనుకు అందించండి. గంటా రెండు గంటల్లో తేరుకోకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

తొలి రోజుల్లో పిల్లలకు వణకడం కూడా రాదు కనుక, వణకడం లేదు కదా అని ధైర్యపడకూడదు. గుట్టగా చేరి ఏడుస్తుంటే వాటికి చలిగా ఉన్నట్టు, దూరదూరంగా పడుకుని రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు.

తల్లికి పాలు ఉన్నంతవరకు ఆవుపాలు వద్దు. కుక్కపాలతో పోలిస్తే వాటిలో కొవ్వు, మాంసకృత్తులు తక్కువ, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. ఆ పాల ఖర్చుతో తల్లికే ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసం కలిపిన అన్నం కడుపునిండా పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి మాత్రం కలపవద్దు.

జవాబు 2 (చింతపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లా)

మా మన్యంలోనూ ఇదే చలి. మీరు వేలాడదీసినది ఎల్‌ఈడీ బల్బు అయితే వెలుగు తప్ప వేడి రాదు, పాతకాలపు 60 వాట్ల బల్బు కావాలి. దాన్ని ఎండుగడ్డికి, గుడ్డకు తగలనంత ఎత్తున కట్టి, గూటిలో ఒక పక్కకే వేడి అందేలా చూస్తే, వేడెక్కిన పిల్లలు రెండో పక్కకు పాకిపోతాయి.

దుప్పటి కంటే కింద ఏముందన్నదే ముఖ్యం. నేల మీద చెక్కపలక వేసి, దానిమీద పొడి వరిగడ్డిని జానెడు మందాన పరవండి. దుప్పటి, గోనెసంచి మూత్రాన్ని పీల్చుకుని తెల్లవారేసరికి మంచుగడ్డలా తయారవుతాయి, గడ్డి అయితే తడిసినంత మేర తీసి పారేస్తే సరిపోతుంది. మన ప్రాంతాల్లో ఈ కాలపు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి గూటి ద్వారాన్ని దక్షిణం వైపు ఉంచండి.

మూసిన కొట్టంలో కుంపటి అసలు పెట్టవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పశువులు కూడా చనిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

చాలా ధన్యవాదాలండీ. బల్బు ఎల్‌ఈడీదే, ఇప్పుడే మార్చాము. పిల్ల ఒళ్లు వెచ్చబడి కొంచెం కదులుతోంది. ముసలి కుక్క కాళ్లకు నొప్పుల బామ్ రాయమని పక్కింటివారు అంటున్నారు.

జవాబు 1 (పశువైద్యురాలు)

రాయకండి. అలాంటి బామ్‌లలో సాధారణంగా కర్పూరం ఉంటుంది, కుక్క నాకితే అది విషం. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ మాత్రలు కూడా వద్దు. ఆ వయసులో అది కీళ్లవాతం కావచ్చు, దానికి కుక్కల కోసమే తయారైన మందులు ఉన్నాయి, పరీక్ష చేయించి వాడండి. నులకమంచం మీద పడుకునే అలవాటు ఉంటే, సందుల్లోంచి చలిగాలి తగలకుండా మందపాటి బొంత పరవండి. ఎండ వచ్చాక కొద్దిదూరం నడిపించండి, స్నానం అవసరమైతే మధ్యాహ్నం గోరువెచ్చని నీటితో చేయించి వెంటనే పూర్తిగా తుడవండి. ముక్కు చల్లగా ఉందని కంగారుపడనక్కరలేదు, మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూస్తే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. 99 కంటే తగ్గితే ఆలస్యం చేయవద్దు.

ఇంకొక మాట: పిల్లలను పట్టుకునేటప్పుడు తల్లికి దూరంగా అన్నం పెట్టి, అది తినేటప్పుడే పని ముగించండి. ఒకవేళ కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా వేయించుకోండి.