ఉక్కపోతలో 'ఉక్క' ఎక్కడిది?

తాటిముంజ: కరెంటు లేదు, నిద్ర లేదు, అందుకే ఈ ప్రశ్న. పోత అంటే చెమట పొయ్యడం, సరే. మరి ఉక్క? ఉక్కు కొలిమి వేడి నుంచి వచ్చిందంటాడు మా బాబాయి.

గోదారిగట్టు: ఉక్కుకీ దీనికీ సంబంధం లేదండీ. కొలిమి దగ్గరుండేది పొడి సెగ. ఉక్క అంటే గాలాడక, గాలిలో తేమ నిండిపోయి, పట్టిన చెమట ఆరకపోవడం. విశాఖలో 35 డిగ్రీలకే చొక్కా పిండుకోవాలి. వాతావరణ శాఖ కూడా వడగాలుల లెక్కకి మైదానాల్లో కనీసం 40 చూస్తుంది, తీరంలో 37 చాలు. రామగుండంలో 44 ఉన్నా అది ఎండే, ఉక్క కాదు.

బొగ్గుబాయి: రామగుండంలనే ఉంట నేను. మొదటి వాన పడి ఆగినంక వచ్చి కూసో, ఎండనో కాదో తెలుస్తది. మేం ఉబ్బ అంటం, ఉడకపోత అంటం. ఉడుకు నుంచి ఉడక. మీ ఉక్క గూడ అదే, నడుమ 'డ' అరిగింది.

గోదారిగట్టు: అరిగిందనడానికి ఆధారం? కన్నడంలో 'ఉక్కు' అంటే పాలు పొంగడం. నాకు అటు చుట్టరికమే కనిపిస్తోంది.

పెరుగన్నం: పాలు పొంగితే ఉక్కపోతా? 😂

బొగ్గుబాయి: ఆధారమా? ఉడ్క, ఉడ్క అని వందసార్లు గబగబ అను. ఉక్క అనే వస్తది.

గోదారిగట్టు: వందసార్లంటే నోరు ఎండిపోతుంది, అంతే. అది వ్యుత్పత్తి కాదు. ఉడకపోత ఏదో వాడుక మాట. సరైన మాట ఉక్కపోత.

బొగ్గుబాయి: ఆ, బయటపడ్డది. ఏడో తరగతిల ఎండకాలం మీద వ్యాసం రాస్తే మా సారు ఉడకపోతను ఎర్ర పెన్నుతోని కొట్టేసి పైన ఉక్కపోత అని రాసిండు. రెండు మార్కులు పోయినయ్. మీ చెమటకు సరైన మాట, మా చెమటకు వాడుక మాటనా?

ఉప్పుగాలి: మా అవ్వ ఉమ్మదం అనేది. దాని సంగతి ఎవరికీ పట్టదా?

గోదారిగట్టు: ఆ సారుని నేను కాదు కదండీ! సరే, 'సరైన' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. 'డ' అరిగిందంటే మాత్రం ఒప్పుకోను.

బొగ్గుబాయి: నువ్వు తీసుకుంటే నా మార్కులొస్తయా?

తాటిముంజ: కరెంటొచ్చింది. ఇంతకీ బాబాయికి ఏం చెప్పను?