ఈడిపస్ కాంప్లెక్స్: జోన్స్ వాదనకు ఏం జవాబు చెప్పాలి?

ఎమ్మే సైకాలజీ సెమినార్‌లో వచ్చే శుక్రవారం ఈడిపస్ కాంప్లెక్స్‌కు వ్యతిరేకంగా 8 నిమిషాలు మాట్లాడాలి. మూడు నుంచి ఆరేళ్ల వయసులో మగపిల్లాడు తల్లి తనకే కావాలనుకుని, తండ్రిని పోటీదారుగా చూసి లోలోపల ద్వేషిస్తాడన్న ఫ్రాయిడ్ సిద్ధాంతం అది. రెండుసార్లు రిహార్సల్ చేశాను, రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాను.

మొదట 1909 నాటి 'లిటిల్ హాన్స్' కేసు తీసుకున్నాను. గుర్రం కరుస్తుందని వీధిలోకి వెళ్లడానికే భయపడే అయిదేళ్ల పిల్లాడు. ఆ భయం అసలు నాన్న మీదిదే అన్నాడు ఫ్రాయిడ్. కానీ చికిత్స నడిపింది, నోట్స్ రాసింది తండ్రే. ఆ చికిత్సలో ఫ్రాయిడ్ బాబును చూసింది ఒక్కసారే. పైగా బండి లాగే గుర్రం కిందపడి కాళ్లు కొట్టుకోవడం వాడు కళ్లారా చూశాడు. భయపడటానికి అది చాలదా? "ఒక్క కేసు పోతే సిద్ధాంతం పోదు" అంది ఫ్రెండ్. నిజమే.

తర్వాత మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ చెప్పింది తీసుకున్నాను. పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో పెత్తనం మేనమామది, తండ్రితో చనువు. అందుకే పిల్లాడి కోపం మామ మీద. తండ్రి మీది ద్వేషాన్ని పక్కకు మళ్లించడానికే ఆ ఏర్పాటు వచ్చిందన్నాడు ఫ్రాయిడ్ అనుచరుడు ఎర్నెస్ట్ జోన్స్. ఇక్కడే ఇరుక్కుపోయాను. కోపం కనిపిస్తే రుజువు, కనిపించకపోతే అణచివేత (మనసు దాన్ని లోపలే దాచేసింది) అంటారు. బౌల్బీ అటాచ్‌మెంట్ సిద్ధాంతం (పెంచేవాళ్లతో పిల్లలకు ఏర్పడే అనుబంధం గురించినది) చెప్పి చూశాను, అది వేరే వివరణే తప్ప ఖండన కాదన్నారు.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్లో ఏం కనబడితే ఈ సిద్ధాంతం తప్పని దాన్ని నమ్మేవాళ్లు కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది?