రివర్స్ గేర్ రింగును టై వేసి కట్టేశాడు మా డ్రైవరు: తీసేయాలా, వదిలేయాలా?

కాణిపాకం రోడ్డు (చిత్తూరు):
మా నాన్న డస్టర్ కారుకి పెళ్ళిళ్ళప్పుడు, తిరుమల వెళ్ళేటప్పుడు యాక్టింగ్ డ్రైవర్‌ని పిలుస్తాం. మొన్న బండి ఇచ్చి వెళ్ళాక చూస్తే గేర్ నాబ్ కింద ఉండే రింగును పైకి లాగి ప్లాస్టిక్ టై బిగించి ఉంది. అంటే ఇక రివర్స్ వేయడానికి రింగు ఎత్తే పని లేదు. ఫోన్ చేసి అడిగితే, "ఊరికే ఎత్తుకుంటా ఉంటే వేళ్ళు నొప్పి సార్, తిరుపతిలో శానా బండ్లు ఇట్లే ఉంటాయి" అన్నాడు. నాన్నకు వేళ్ళ కీళ్ళ నొప్పులు, ఆయనకూ ఇదే బాగుందట. ఇందులో నిజంగా ప్రమాదం ఉందా, లేక కంపెనీ వాళ్ళ అతిజాగ్రత్తా?

అలిపిరి ట్యాక్సీ:
సామీ, ఒకటే బండి తోలేవాళ్ళకు మా బాధ తెలీదు. పొద్దున స్విఫ్ట్, మధ్యాహ్నం డస్టర్, రాత్రికి పోలో. ఒకదాంట్లో రివర్స్ కుడిపక్క కింద, ఇంకోదాంట్లో రింగు ఎత్తి ఎడమపక్క పైన, మూడోదాంట్లో నాబ్‌ను కిందికి నొక్కి పక్కకు తోయాల. లీలామహల్ సెంటర్లో వెనక హారన్లు మోగుతా ఉంటే ఏ బండిలో కూర్చున్నానో గుర్తు తెచ్చుకునేది ఎప్పుడు? కట్టేస్తే ఒక పని తగ్గుతుంది. తోలడం వచ్చినోడికి లాక్ ఎందుకు?

గేర్‌బాక్స్ పిచ్చోడు:
కాణిపాకం రోడ్డు గారూ, ఈ రోజే ఆ టై కోసేయండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతా.

ముందుకు వెళ్ళే గేర్ల పళ్ళు ఏటవాలుగా ఉంటాయి, ఎప్పుడూ ఒకదాన్నొకటి కరుచుకునే తిరుగుతుంటాయి. మనం గేర్ వేసినప్పుడు సింక్రో రింగులు వేగాలను సమం చేసి మెత్తగా కలుపుతాయి. రివర్స్ అలా కాదు. చాలా గేర్‌బాక్సుల్లో దానికి నిటారు పళ్ళున్న ఐడ్లర్ గేర్ ఒకటి విడిగా ఉంటుంది. అది జరిగి వచ్చి రెండు గేర్ల మధ్య దూరితేనే చక్రాలు వెనక్కి తిరుగుతాయి. సింక్రో ఉండదు. వెనక్కి వెళ్ళేటప్పుడు కుయ్‌మని వినిపించే మోత ఆ నిటారు పళ్ళదే. బండి కదులుతుండగా వేయబోతే పళ్ళు పళ్ళకు కొట్టుకుని కర్రుమంటుంది. ఇప్పుడొచ్చే కొన్ని గేర్‌బాక్సుల్లో రివర్స్‌కీ సింక్రో ఇస్తున్నారు, కానీ అన్నిట్లో లేదు.

అందుకే బండి జోరుగా పోతున్నప్పుడు రివర్స్ పడిపోతుందేమో అన్న భయం అంత అక్కర్లేదు. గేర్‌బాక్స్ అరిచి గోల చేస్తుంది గానీ మామూలుగా లోపలికి తీసుకోదు. భయపడాల్సింది బండి ఆగి ఉన్నప్పుడు. అప్పుడు సింక్రో లేకపోయినా రివర్స్ సుఖంగా పడుతుంది. మీ డస్టర్‌లో అది ఫస్ట్ గేర్‌కి ఆనుకునే, ఇంకా ఎడమకు ఉంది. రింగు ఎత్తితేనే కింద ఉన్న అడ్డు తప్పుకుని లివర్‌కు అంత ఎడమకు దారి వస్తుంది. కట్టేస్తే ఆ అడ్డు ఎప్పుడూ తప్పుకునే ఉంటుంది. సిగ్నల్ పచ్చగా మారగానే కంగారులో లివర్‌ను ఎడమకు గట్టిగా తోసి పైకి నెట్టారనుకోండి, ఫస్ట్ అనుకుని వేసింది రివర్స్. వెనకేమో స్కూటర్ మీద భార్యాభర్తలు, మధ్యలో పిల్ల.

పలమనేరు మామిడి:
నా మారుతికి ఏ లాకూ లేదు, ఇన్నేళ్ళుగా తోలుతున్నా. ఏమీ కాలేదు.

గేర్‌బాక్స్ పిచ్చోడు:
ఉంది అన్నా, బయటికి కనిపించదు, అంతే. మీ బండిలో రివర్స్ ఐదో గేర్‌కి సరిగ్గా కింద ఉంటుంది. ఐదు నుంచి నాలుగుకి తగ్గించబోయి లివర్‌ను తిన్నగా వెనక్కి లాగితే? లోపల అడ్డు ఉంటుంది, పోనివ్వదు. ఒకసారి న్యూట్రల్ మధ్యకు వచ్చి మళ్ళీ కుడికి వెళ్తేనే రివర్స్‌కు దారి. బండి నిలిపి ఐదులో వేసి, అక్కడి నుంచి సూటిగా రివర్స్‌లోకి లాగి చూడండి, పడదు. ఇంజన్ ఆపేసి క్లచ్ తొక్కి చూస్తే చాలు.

ఈ తేడా ముఖ్యం. రివర్స్ కుడి కింద ఉన్న బండిలో ఫస్ట్‌కీ దానికీ దూరం ఎక్కువ కాబట్టి రింగు లేకపోయినా నడుస్తుంది. ఫస్ట్ పక్కనే పెట్టినప్పుడు రింగో నొక్కుడో తప్పదు. రివర్స్ ఎక్కడుందో చూడకుండా లాక్ కావాలా వద్దా అని వాదించడం దండగ.

రేణిగుంట గుండమ్మ:
అన్నీ బాగున్నాయి కానీ నిజంగా రివర్స్‌లో జరిగే ప్రమాదాలు ఎలాంటివి? కోర్లగుంట సందుల్లో ఇంటి ముందు బండి వెనక్కి తీస్తూ వెనక ఆడుకునే పిల్లల్ని చూసుకోకపోవడం. అక్కడ డ్రైవరు కావాలనే రివర్స్ వేస్తాడు, రింగు కూడా ఎత్తుతాడు. రింగు ఏం కాపాడింది? 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు చూడండి, పనికొచ్చేది అది. పాత బండి ఉన్నవాళ్ళు రింగు గురించి కొట్టుకోవడం మాని సెన్సర్లు బిగించుకోండి.

గేర్‌బాక్స్ పిచ్చోడు:
గుండమ్మ గారూ, ఒప్పుకుంటా. కానీ అది వేరే ప్రమాదం, ఇది వేరే ప్రమాదం. సెన్సర్ మోగేది రివర్స్ పడ్డాకే. ముందుకు వెళ్తున్నానని నమ్మకంతో క్లచ్ వదిలి యాక్సిలరేటర్ నొక్కేవాడికి ఆ బీప్ ఏంటో అర్థమయ్యేలోపు బండి దూకేసి ఉంటుంది.

అలిపిరి ట్యాక్సీ:
కొండకు రోజూ పోతాం. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, ఎదురుగా బండి రాదు. పైగా దిగేటప్పుడు 40 నిమిషాలకన్నా ముందు కిందికి రాకూడదు, జోరుగా తోలే పనే లేదు. ఘాట్‌లో రివర్స్‌తో మాకేం పని?

మొగిలి ఘాట్:
పని లేదు కాబట్టే అన్నా, అనుకోకుండా పడితే ఘోరం. ఎక్కేటప్పుడు మలుపు దగ్గర ట్రాఫిక్ ఆగింది. వెనక ఆర్టీసీ బస్సు అడుగు దూరంలో నిలబడింది. హ్యాండ్‌బ్రేక్ దింపుతూ ఫస్ట్ వేయబోయి రివర్స్ వేస్తే? ఏటవాలుకు బండి ఎలాగూ కొంచెం వెనక్కి జారుతుందని అలవాటుగా యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కుతాం. జారుతున్నదనుకుని మనమే వెనక్కి తోలుతుంటాం. మా మొగిలి పక్క అయితే రెండు వైపులా లారీలే, చెప్పనక్కర్లేదు.

పలమనేరు మామిడి:
రింగు కట్టేసిన బండికి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ ఇవ్వరంట కదా?

రేణిగుంట గుండమ్మ:
ఎవరన్నారు? పాలసీ కాగితం చదవకుండా ఇలాంటివి పుట్టించకండి.

లైసెన్స్ రెండోసారి:
నాకో సందేహం. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నది పాత మారుతి మీద. ట్రాక్ మీద రివర్స్ చేసి చూపించింది కూడా అదే బండిలో. ఇంట్లో ఉన్నది నాబ్ నొక్కే రకం. మొదటి వారమంతా రివర్స్ అనుకుని ఫస్ట్ వేసి గోడ వైపు వెళ్ళడమే. ఒక్క బండి మీద నేర్పి అన్నిటికీ లైసెన్స్ ఇస్తున్నప్పుడు గేర్ల వరస మాత్రం కంపెనీకో తీరు ఎందుకు? అందరికీ ఒకే తీరు పెట్టమంటే అలిపిరి అన్న గోడు కూడా తీరుతుంది కదా.

అలిపిరి ట్యాక్సీ:
అదీ మాట చెల్లీ! రింగు తీసేయమని నేను అడగలా. అన్ని బండ్లకూ ఒకే రింగు పెట్టమను, ఒకే చోట పెట్టమను, నేనే ఎత్తుకుంటా.

గేర్‌బాక్స్ పిచ్చోడు:
కోరిక న్యాయమైనదే. కానీ గేర్‌బాక్స్ లోపలి అమరికను బట్టి రివర్స్ చోటు మారుతుంది. ఐదు గేర్ల బండిలో ఐదో గేర్ కింద ఖాళీ ఉంటుంది, అక్కడ పెట్టొచ్చు. ఆరు గేర్లుంటే ఆ ఖాళీలో ఆరోది కూర్చుంటుంది. అప్పుడు రివర్స్‌కు ఇంకో వరస కావాలి. చోటు మార్చలేకపోయినా లాక్ తీసే పద్ధతి ఒక్కటే ఉండాలని అడగొచ్చు, అక్కడ నేను మీ పక్షమే.

కాణిపాకం రోడ్డు:
అందరికీ థాంక్స్. టై కోసేశాను. నాన్న అలిగారు. ఆయన వేళ్ళ నొప్పికి ఏదైనా ఉపాయం ఉందా?

గేర్‌బాక్స్ పిచ్చోడు:
రింగు అంత బిగువుగా ఉండకూడదు. కింద దుమ్ము, ఒలికిన కాఫీ, పంచదార పట్టేసి ఉంటుంది. గేర్ బూట్ (లివర్ మొదట్లో ఉండే తొడుగు) పైకి తీసి శుభ్రం చేయించమనండి, చాలావరకు తేలికవుతుంది. ఎత్తేటప్పుడు వేళ్ళ కొసలతో గిల్లినట్టు కాకుండా, నాబ్ మీద అరచెయ్యి ఆనించి చూపుడు వేలూ మధ్య వేలూ రింగు కింద పెట్టి పైకి లాగమనండి. రివర్స్ వేసేటప్పుడు కర్రుమంటుంటే క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగాలి, లేదా ఒకసారి ఫస్ట్‌లోకి తగిలించి ఆ తర్వాత రివర్స్ వేయాలి. క్లచ్ తొక్కగానే లోపలి షాఫ్ట్ ఆగిపోదు, ఇంకాసేపు తిరుగుతూనే ఉంటుంది.

అలిపిరి ట్యాక్సీ:
ఆ గేర్ బూట్ శుభ్రం చేసేదానికి తిరుపతిలో ఎంత తీసుకుంటారు సామీ? నా దాంట్లో పోయిన దసరాకు ఒలికిన పాయసం ఇంకా ఉండాది.