వాన పడ్డ మర్నాడల్లా డీజిల్ ట్యాంకులో నీళ్లు. మూత దగ్గర ఏం చేయాలి?

ఇబ్రహీంపట్నం టిప్పర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది పది టైర్ల టిప్పర్, బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ నుంచి బూడిద ఎత్తి గన్నవరం వైపు ఇటుకల యూనిట్లకు వేస్తాం. మధ్యలో ఖాళీ దొరికితే కొండపల్లి క్రషర్ల నుంచి చిప్స్ (కంకర) తోలతాం. ఎండాకాలమంతా ఏ గొడవా లేదు. వానలు మొదలయ్యాక ఫిల్టర్లో నీళ్లున్నాయని చెప్పే లైటు వెలుగుతోంది. సెపరేటర్ (డీజిల్ నుంచి నీళ్లని వేరుచేసే ఫిల్టర్) కింద స్క్రూ వదులు చేసి పడితే టీ గ్లాసులో సగానికి నీళ్లు వచ్చాయి. అడుగున బూడిద రంగు మడ్డి కూడా ఉంది.

మా మెకానిక్ బంకు డీజిల్ మంచిది కాదన్నాడు. బంకు మార్చాం. అయినా వాన పడ్డ మర్నాడు మళ్లీ లైటు. ఇంకొకాయన ట్యాంకు ఎప్పుడూ ఫుల్‌గా ఉంచమన్నాడు, ఖాళీగా ఉంటే గాలిలో తేమే నీరవుతుందట. కిస్తీలు కట్టుకునేవాళ్లం రోజూ ఫుల్ ట్యాంకు ఎక్కడ కొట్టిస్తాం?

ఇది చూడలేక మా డ్రైవర్ మూతకి పాలిథిన్ కవరు చుట్టి, ట్యూబు ముక్కతో గట్టిగా బిగించాడు. మర్నాడు లోడుతో గొల్లపూడి దాటేసరికి బండి లాగడం మానేసింది. కవరు విప్పి మూత తిప్పగానే హుస్సుమని గాలి లోపలికి పోయింది. ఆ తర్వాత బండి మామూలుగానే నడిచింది. ఇది ఎందుకు జరిగిందో, మూత దగ్గర అసలు ఏం చేయాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోతే మేం తేరుకోలేం. చాలా టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్ పంపు మెకానిక్

తమ్ముడూ, ముందు ఆ కవరు తీసి పారేసి, మళ్లీ కట్టొద్దని డ్రైవర్‌కి చెప్పు. అతన్ని తిట్టకు, బండి మీద ప్రేమతోనే కట్టాడు. నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు, ఇంజెక్టర్ల పని చేస్తాను. వానాకాలం వచ్చిందంటే ఇదే బాధతో ఎవరో ఒకరు షెడ్డుకి వస్తూనే ఉంటారు.

ట్యాంకుకి గాలి కావాలి. ఇంజిన్ ఎన్ని లీటర్ల డీజిల్ తాగితే అన్ని లీటర్ల గాలి లోపలికి రావాలి. రాకపోతే లోపల వ్యాక్యూమ్ పుట్టి డీజిల్ పంపు దాకా రాదు. గొల్లపూడి దగ్గర జరిగింది అదే. కొన్ని బళ్లకి గాలి దారి మూతలోనే ఉంటుంది, కొన్నిటికి ట్యాంకు పైన విడిగా సన్న పైపు ఉంటుంది. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ బండికి మూతలోనే ఉంది. కవరు బిగించేసరికి అది కాస్తా మూసుకుపోయింది. గంటసేపు తోలి మూత తిప్పి చూడు. కవరు లేకుండా కూడా హుస్సుమంటే ఆ దారిలో బూడిద పేరుకుందని అర్థం.

ఇప్పుడు నీళ్ల సంగతి. మధ్యాహ్నం ఎండకి ట్యాంకు రేకు కాలిపోతూ ఉంటుంది, చెయ్యి పెట్టలేం. సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన దిగుతుంది. మన విజయవాడ వానలు తెలుసుగా, పది నిమిషాల్లో రోడ్డు చెరువవుతుంది. ఆ నీళ్లు రేకు మీద పడగానే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. 300 లీటర్ల ట్యాంకులో 50 లీటర్ల డీజిల్ ఉంటే మిగతా 250 లీటర్లు గాలే. అది 20 డిగ్రీలు చల్లబడితే బయటి నుంచి సుమారు 16 లీటర్ల గాలిని లాక్కుంటుంది. సరిగ్గా ఆ సమయానికే మూత చుట్టూ వాన నీళ్లు నిలబడి ఉంటాయి. వాషర్ ఎక్కడ దెబ్బతింటే అక్కడి నుంచి గాలి కన్నా ముందు ఆ నీళ్లే లోపలికి పోతాయి. పైనుంచి కారాలంటే పెద్ద సందు కావాలి. లోపలి నుంచి లాగుతుంటే వెంట్రుకంత పగులు చాలు. బండి వేడిగా ఉండగా వాటర్ సర్వీసింగ్ చేయించినా ఇదే జరుగుతుంది. పైగా ఆ కుర్రాళ్లు గన్ను తీసుకెళ్లి సూటిగా మూత మీదే కొడతారు. దగ్గరుండి ఆపాలి.

గాలిలో తేమ అన్నాయన మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ లెక్క చూడు. 30 డిగ్రీల దగ్గర నిండా తేమ ఉన్న గాలి వెయ్యి లీటర్లలో ఉండే నీరు 30 గ్రాములు. నీ ట్యాంకు ఒకసారి లాగే 16 లీటర్లలో అర గ్రాము. అర గ్రాము అంటే కొన్ని బొట్లు. నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన బండికైతే అవే బొట్లు పోగవుతాయి. రోజూ తిరిగే టిప్పర్లో వాన పడ్డ మర్నాడే సగం గ్లాసు నీళ్లంటే అవి నీళ్ల రూపంలోనే లోపలికొచ్చాయి. వాటికి దారి ఉంది. దాన్ని వెతికి పట్టుకోవాలి.

మూత తీసి బోర్లించి వాషర్ చూడు. వేలితో నొక్కితే మళ్లీ పైకి లేవాలి. గట్టిపడి గోరు దిగకపోయినా, ఉబ్బి వంకర తిరిగినా మార్చెయ్. ట్యూబు కత్తిరించి వాషర్ చేస్తారు కొందరు. మామూలు రబ్బరు డీజిల్‌లో ఉబ్బిపోతుంది, డీజిల్‌ని తట్టుకునే నైట్రైల్ రబ్బరు వాషరే అడిగి తీసుకో. ఆ తర్వాత ట్యాంకు నోటి అంచుని తుడిచి, వేలికొసతో పలచగా గ్రీజు రాసి, మూత బిగించి తియ్యి. వాషర్ మీద గ్రీజు గుర్తు చుట్టూ తెగకుండా పడాలి. ఎక్కడ తెగితే అక్కడ వాషర్ ఆనడం లేదు. చాలాసార్లు వాషర్ బాగానే ఉంటుంది, నోటి అంచే సొట్ట పడి ఉంటుంది. బంకులో గన్ను మోటుగా తోసి తోసి అలా అవుతుంది. అంచు సరిచేయకుండా ఎన్ని వాషర్లు మార్చినా డబ్బు దండగ. గుర్తు చూశాక గ్రీజు శుభ్రంగా తుడిచెయ్.

బూడిద గురించి నీకు ఇంకా గట్టిగా చెప్పాలి. థర్మల్ బూడిద రోడ్డు మీది మట్టి లాంటిది కాదు. దానిలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. గాజులా గట్టి గుండ్రటి రేణువులు. వాటిలో సన్నవి ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి, మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నీ బండిలో ఉండే కామన్ రైల్ (ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ చిమ్మే పద్ధతి) ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే, అక్కడ నడిచేది 1,600 బార్‌కి పైబడిన ప్రెషర్. పాత ఇన్‌లైన్ పంపు బళ్లు కాస్త మడ్డిని భరించేవి. బీఎస్ 6 బండి భరించదు. ఆ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, డీజిలే దానికి ఆయిల్. నీళ్లు కలిస్తే ఆ జిడ్డు పోయి ఇనుము ఇనుముని రాసుకుంటుంది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చినా నేను చేయగలిగేది తక్కువ, కొత్తవి వేయడమే. అందుకే ముందే ఇంతగా చెబుతున్నాను.

బూడిద లోపలికి పోయేది ఎక్కువగా డీజిల్ కొట్టించేటప్పుడే. మూత చుట్టూ వేలు మందాన పేరుకుని ఉంటుంది, ఎవరూ పట్టించుకోకుండా తిప్పేస్తారు, అంచున ఉన్నదంతా లోపల పడుతుంది. ముందు పొడి పెయింటు బ్రష్‌తో మూత చుట్టూ దులపాలి. తర్వాత పాత పంచె గుడ్డతో తుడవాలి. కాటన్ వేస్టు వద్దు, దాని దారాలు లోపల పడి పైపు మూతి దగ్గర చేరతాయి. తర్వాతే మూత తిప్పాలి. తీసిన మూతని బూడిద పట్టిన ట్యాంకు మీద బోర్లా పెట్టకుండా చేతిలోనే పట్టుకోవాలి. నోట్లో జాలీ ఉందా చూడు. నురగ వస్తోందని, ఆలస్యమవుతోందని డ్రైవర్లు పీకేస్తారు. జాలీ సన్న బూడిదని ఆపలేదు గానీ చిప్స్ ముక్క, ఆకు, గుడ్డపీలిక ఆపుతుంది.

కవరుకి బదులు లారీ ట్యూబు నుంచి జానెడు వెడల్పు ముక్క కోసి, మూతకి పైన ఉన్న పట్టీకి ఒక్క అంచు మాత్రమే బిగించు. మిగతాది చూరులా మూత ముందుకి వేలాడాలి. కింద, పక్కల వదులుగా ఉండాలి. వాన జారిపోతుంది, గాలి ఆడుతుంది. మూత గుంటలో ఉండే ట్యాంకయితే గుంట అడుగున నీళ్లు పోయే చిన్న బెజ్జం ఉంటుంది, బూడిదతో పూడిపోతే పుల్లతో పొడిచి తెరువు.

ఇప్పటికే ట్యాంకులో ఉన్న నీళ్లు తీయాలి. రాత్రి బండిని డ్రెయిన్ బోల్టు పల్లానికి వచ్చేలా నిలబెట్టు. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు బోల్టు వదులు చేసి తెల్ల ప్లాస్టిక్ సీసాలో పట్టు. నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి ముందు అవే వస్తాయి. సీసాలో అడుగున నీళ్లు, మధ్యలో నల్లటి జిగురు పొర, పైన డీజిల్ విడివిడిగా కనిపిస్తాయి. ఆ జిగురు ఉంటే నీళ్లు చాలాకాలంగా ఉన్నట్టు. నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి చేసే పని అది. అప్పుడు ట్యాంకు దింపి కడిగించాల్సిందే. జిగురు లేకపోతే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి, ఫిల్టర్లు మార్చి, హ్యాండ్ పంపుతో గాలి తీసి స్టార్ట్ చెయ్. నీళ్లని తాగేస్తుందని స్పిరిట్ పోయమంటారు కొందరు. దయచేసి వద్దు. నీటితో పాటు ఉన్న కాస్త జిడ్డూ పోతుంది.

గుంటూరు మిర్చి లారీ

మెకానిక్ గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. మేం గుంటూరు యార్డు నుంచి మిర్చి లోడు తోలతాం. సీజన్ అయ్యాక మా బండి ఒకటి వారాల తరబడి షెడ్డులో ఉంటుంది. అలాంటి బండికి ఫుల్ ట్యాంకు మంచిదే, మా అనుభవం అది. రోజూ తిరిగే టిప్పర్‌కి ఆ ఖర్చు అక్కర్లేదు.

ఇంకొకటి, మీరు ఇంటి దగ్గర డ్రమ్ములో డీజిల్ పెట్టుకుంటారా? డ్రమ్ము నిటారుగా ఆరుబయట ఉంటే పైన అంచు లోపల వాన నీళ్లు నిలుస్తాయి. బిరడా గట్టిగానే ఉన్నా రాత్రి చల్లబడినప్పుడు మరల సందుల్లోంచి లాగేస్తుంది. ఇది ట్యాంకు మూత కథే. డ్రమ్ముని నీడలో పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే ఎత్తులో అడ్డంగా, డీజిల్ మట్టానికి కిందే ఉండేలా పెట్టండి. వాడేటప్పుడు అడుగుదాకా లాగకండి.

బీఎస్ 6 కాబట్టి యాడ్‌బ్లూ (పొగలో కాలుష్యం తగ్గించడానికి విడి ట్యాంకులో పోసే ద్రవం) కేను కూడా క్యాబిన్లో ఉంటుంది కదా. దాని గరాటు డీజిల్‌కి వాడనివ్వకండి. యాడ్‌బ్లూలో మూడింట రెండొంతులు నీళ్లే, మిగతాది యూరియా. మా లైన్లో ఒక కొత్త క్లీనర్ ఏకంగా డీజిల్ ట్యాంకులోనే పోశాడు. అదృష్టవశాత్తు తాళం తిప్పకముందే డ్రైవర్ చూశాడు. తిప్పి ఉంటే పంపు నుంచి ఇంజెక్టర్ల దాకా అంతా పోయేది.

బంకు సూపర్‌వైజర్, ఏలూరు రోడ్డు

బంకుల మీద అనుమానం సహజమే. ఎలా తేల్చుకోవాలో చెబుతానండి. బీఎస్ 6 డీజిల్‌లో కిలోకి 200 మిల్లీగ్రాములకు మించి నీరు ఉండకూడదు. అంటే 100 లీటర్లు కొట్టించుకుంటే ఎక్కువలో ఎక్కువ 17 గ్రాములు, అదీ డీజిల్‌లో కలిసిపోయి ఉండేది. మీకు గ్లాసులో విడిగా నీళ్లు వస్తున్నాయి, బంకు మార్చినా వస్తున్నాయి కాబట్టి మూత వైపే చూడండి. అయినా సందేహం ఉంటే బంకులో డిప్ రాడ్డుకి (ట్యాంకు మట్టం కొలిచే కడ్డీకి) వాటర్ పేస్టు రాసి భూమిలోని ట్యాంకులో ముంచి చూపించమని అడగండి. నీళ్లు తగిలిన మేర పేస్టు రంగు మారుతుంది. డెన్సిటీ కూడా చూపించమనొచ్చు. అడగడానికి మొహమాటపడకండి.

ట్యాంకర్ వచ్చి డీజిల్ దింపుతున్న సమయంలో కొట్టించుకోవద్దు. అడుగున ఉన్న మడ్డి, నీళ్లు అప్పుడే కదులుతాయి. కాసేపు ఆగండి, లేదా వేరే బంకుకి వెళ్లండి. జోరు వానలో పైకప్పు అంచున కాకుండా లోపలి పాయింటు దగ్గర బండి పెట్టండి. లారీ పొడుగు వల్ల చాలామంది ట్యాంకు వైపు వానలోనే ఉంచేస్తారు. గన్ను మూతి తుడిచి పెట్టమని మా కుర్రాళ్లకి చెబితే తుడుస్తారు.

ఇబ్రహీంపట్నం టిప్పర్

అందరికీ థాంక్స్ అండి. ఇవాళ మూత తీసి గ్రీజు గుర్తు చూశాను. క్యాబిన్ వైపు రెండంగుళాల మేర గుర్తే పడలేదు, అంచు అక్కడ లోపలికి నొక్కుకుపోయి ఉంది. జాలీ కూడా లేదు. సీసాలో నీళ్లు, మడ్డి వచ్చాయి గానీ నల్ల జిగురు లేదు. రేపు అంచు సరిచేయిస్తాను. మూత కూడా మార్చేద్దామని ఉంది. తాళం ఉన్న లోకల్ మూత దొరుకుతోంది, వేయొచ్చా అన్నా?

ఆటోనగర్ పంపు మెకానిక్

జిగురు లేదు కాబట్టి ట్యాంకు దింపక్కర్లేదు. అంచు సరిచేసేటప్పుడు నోట్లో గుడ్డ కుక్కి, కింద ప్లేటు ఆనించి, చెక్క సుత్తితోనే కొట్టమను. గ్యాసు, వెల్డింగ్ దగ్గరికి రానివ్వద్దు. లోపల డీజిల్ ఆవిరి ఉంటుంది. పని అయ్యాక మళ్లీ గ్రీజు గుర్తు చూడు.

తాళం మూత వేయొచ్చు గానీ రెండు చూసుకో. తాళం బెజ్జానికి జారే రేకు మూత ఉండాలి, లేకపోతే అందులోంచే నీళ్లు, బూడిద దిగుతాయి. లోపలి వైపు గాలి వాల్వు ఉండాలి. లోకల్ వాటిలో కొన్నిటికి ఆ వాల్వే ఉండదు, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. నీ పాత మూత వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసి కొను.